క్యాసీ మూలలో మెషీను

డెర్రీ ఊళ్లో చొక్కాల ఫ్యాక్టరీలు ఎన్నో ఉన్నాయి గానీ, దెయ్యం ఉన్న ఫ్యాక్టరీ మాత్రం ఒక్కటే. ఏటి ఒడ్డు నుంచి పైకెక్కే వీధిలో ఎర్ర ఇటుకల మేడ అది. అందులో మూడో అంతస్తు. అందులోనూ వెనక మెట్ల తలుపు పక్కన, కిటికీ కింద ఉన్న మూల.

దాన్ని క్యాసీ మూల అంటారు. క్యాసీ గిలెన్ అనే ఆమె ముప్ఫై ఏళ్లు అక్కడే కూచుని కాలర్లు కుట్టింది. ఓ శుక్రవారం మధ్యాహ్నం, కాలరు సగంలో ఉండగా మెషీను మీద తల వాల్చేసింది. కునుకు తీస్తోందనుకుని పక్కవాళ్లు కాసేపు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు కూడా. అది కునుకు కాదని తెలిసేసరికి టీ వేళయింది.

ఇదంతా జరిగి పాతికేళ్లు. ఆ మరుసటేడే పాత మెషీన్లు పోయాయి. బల్లల కింద పొడుగునా తిరుగుతూ అన్నింటినీ నడిపే ఇరుసు పోయి, ఒక్కో మెషీనుకి ఒక్కో మోటారు వచ్చింది. అన్నీ మారాయి, మూల పేరు మాత్రం మారలేదు. పైగా ఈ కథ జరిగిన చలికాలం నుంచి అక్కడ పేరుకి తగ్గ పనులు కూడా మొదలయ్యాయి.

నాలుగున్నరకే చీకటి పడిపోయే రోజులు. ఐదున్నరకి ఫ్యాక్టరీ కూత కూస్తుంది. ఆడవాళ్లంతా కోట్లు తగిలించుకుని గలగలా మెట్లు దిగిపోతారు. వాచ్‌మన్ బార్నీ కింద మెయిన్ స్విచ్చి దించి, దానికి తాళం బిగిస్తాడు. దానితో దీపాలూ, మోటార్లూ అన్నీ ఆగిపోతాయి. ఆ తర్వాత... పై నుంచి వినిపిస్తుందట.

టక్... టక్... టక్...

కరెంటు లేని మేడలో కుట్టుమెషీను చప్పుడు.

బార్నీ తన చెవులతో తను విన్నాడు. మరి పైకెళ్లి చూశావా అని అడిగితే, తనకి జీతం ఇచ్చేది కింది అంతస్తుకేనని చెప్పాడు.

తెల్లారి చూస్తే ఆ మూల మెషీను సెట్టింగంతా తారుమారై ఉండేది. గుడ్డని నొక్కిపెట్టే పాదం వదులు, దారం వదులు. మోటారు వేసి తొక్కితే చాలు, కుట్టు కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడేది. మొదటి మెకానిక్కు రోజూ సరిచేసి, రోజూ పొద్దున్నే మళ్లీ తల గోక్కుని, చివరికి నరాల జబ్బని సెలవు పెట్టి ఇక రాలేదు. రెండో ఆయన మొనగాడు. దాని సంగతి తేలుస్తానని ఓ సాయంత్రం ఒక్కడే పైన ఉండిపోయాడు. టక్ అన్న చప్పుడు మూడుసార్లు వినగానే కాళ్లకు బుద్ధి చెప్పాడు. టోపీ అక్కడే వదిలేశాడు. దాని కోసం కూడా తిరిగి రాలేదు, కొత్తది కొనుక్కున్నాడని విన్నాం.

ఇక మిగిలింది డింప్నా డీనీ.

డింప్నాకి ముప్ఫై ఎనిమిదేళ్లు. అందులో ఇరవై ఏళ్లు చొక్కా చేతులకి కఫ్‌లు కుట్టే బల్ల ముందే గడిచాయి. మెషీను మీద కూచునేది ఆడవాళ్లు, మెషీను కింద దూరేది మగవాళ్లు, మా ఊళ్లో మొదటినుంచీ అంతే. మెషీను మొరాయిస్తే చెయ్యెత్తి కూచోవాలి. మెకానిక్కు గారు సిగరెట్టు పూర్తిచేసుకుని, ఇంకొకరితో రెండు కబుర్లు చెప్పుకుని తీరిగ్గా వచ్చేదాకా కూలి పోతున్నా అలా కూచోవాల్సిందే. అలా చెయ్యెత్తి కూచున్న ఇరవై ఏళ్లూ డింప్నా ఊరికే కూచోలేదు. ఆ మగమహారాజులు ఏ మర ఎటు తిప్పుతున్నారో కన్నార్పకుండా చూసింది. వాళ్లు వెళ్లాక, సూపర్‌వైజరు చూడకుండా, జడపిన్నుతో తనే సరిచేసుకునేది.

రెండో మెకానిక్కు టోపీ వదిలి పారిపోయిన మర్నాడు ఆమె తిన్నగా మేనేజరు స్ప్రౌల్ గదిలోకి వెళ్లి, ఆ పని తనకివ్వమని అడిగింది. ఆయన మొదట నవ్వాడు. తర్వాత కిటికీలోంచి చూశాడు. వీధిలో మెకానిక్కు అనే మగవాడెవడూ కనబడలేదు. సరే, నెల రోజులు చూద్దామన్నాడు.

తోటివాళ్లు ఊరుకుంటారా? మన డింప్నా ఇక మీసాలు కూడా పెంచుతుందని ఒకతె, సిగరెట్టు అలవాటయ్యేదాకా పని రాదని ఇంకొకతె. మొగుడు హ్యూగో మాత్రం, బంగాళాదుంపలు ఉడికించడం ఎలాగూ తనకి అలవాటైపోయిందని, ఆమె ఏ పని చేసినా తన పనిలో తేడా ఉండదని సంతోషించాడు.

మూడు వారాల్లో డింప్నా అరవై మెషీన్లనీ దారికి తెచ్చింది. నూనె పళ్లేలు కడిగింది. బెల్టులు బిగించింది. ఏళ్ల తరబడి అరిగిన, గుడ్డని ముందుకి నెట్టే పళ్లు మార్చింది. ఎవరు చెయ్యెత్తినా దించేలోపు పక్కన ఉండేది. అరవై ఒకటోదే మాట వినలేదు... మూలది.

స్ప్రౌల్ బుధవారం ఆమెను పిలిపించాడు.

"శుక్రవారం ఎనిమిదింటికి నేనే వచ్చి ఆ మెషీను పక్కన నిలబడతాను," అన్నాడు. "అది ఆగకుండా కుడితే పని నీది. లేకపోతే ఏముంది, నీ కఫ్‌ల బల్ల నీకు ఉండనే ఉంది."

ఆ ఉండనే ఉంది అన్న మాట డింప్నాకి గుండెల్లో గుచ్చుకుంది. మళ్లీ ఆ బల్ల ముందు కూచుని, మళ్లీ చెయ్యెత్తి, ఎవడి సిగరెట్టో అయిపోయేదాకా ఎదురుచూడటం... ఆమె వల్ల కాదు. దానికన్నా ఊరు విడిచిపోవడం నయమనిపించింది.

గురువారం పొద్దున్న ఆమె మూల మెషీను సూది కింది రేకు విప్పింది. అక్కడ పిచ్చుకగూడంత దారం ముడి. వారం రోజులుగా రోజూ చూస్తున్నదే. ఆ మెషీను మీద కుట్టే జోసీ అనే పిల్ల అజాగ్రత్త అనుకుని వదిలేసింది. జోసీ ఏమో తప్పు తనది కాదని, దెయ్యం భయానికి పునీతుల బొమ్మలున్న బిళ్లలు ఒకటికి మూడు మెషీనుకే కట్టేసి కుడుతోంది.

ఈసారి మాత్రం డింప్నా ఆ ముడిని అరచేతిలో పెట్టుకుని ఆలోచించింది. మోటారు ఎప్పుడూ ఒకవైపే తిప్పుతుంది. ఇలాంటి ముడి పడాలంటే మెషీను పక్కనుండే చక్రాన్ని ఎవరో చేత్తో, అదీ మధ్యమధ్య ఎదురు తిప్పి ఉండాలి. పాదం, దారం వదులు చేసిందీ అందుకే. చేత్తో తిప్పేవాళ్లకి బిగువు తక్కువగా ఉంటే హాయి.

అంటే కరెంటుతో పని లేదన్నమాట. ఉన్నది దెయ్యమో, మనిషో... చెయ్యంటూ ఒకటి ఉంది.

డింప్నాకి ప్రాణం లేచొచ్చింది. కానీ అది ఎంతోసేపు నిలవలేదు. ఇప్పటి మెషీన్ల చక్రాన్ని మనవైపుకి తిప్పాలి. నిద్రలో లేపి అడిగినా ఇక్కడి ఆడపిల్లలు అటే తిప్పుతారు. ముందుకి తోసే అలవాటు పాత ఇరుసు బల్లల మీద పని నేర్చినవాళ్లది. వాళ్లలో ఎవరు మిగిలారా అని లెక్కేసుకుంది. ఒకామె గ్లాస్గోలో కూతురి దగ్గరుంది. ఇద్దరు మంచాన పడ్డారు. నడిమి వరసలో లెటీ హార్కిన్ ఉంది గానీ, ఆమె జపమాల చేతిలో లేనిదే మెట్లు కూడా దిగదు, చీకట్లో ఇక్కడేం చేస్తుంది?

ఇక మిగిలింది... క్యాసీ.

డింప్నా చటుక్కున మెషీను మీంచి చెయ్యి తీసేసింది. అయినా మెషీను సెట్ చేసింది. పాదం బిగించింది. కింది దారం ఉండే బాబిన్ కేసుని దాని దారంతోనే వేలాడదీసి చూసింది. విదిలిస్తే కాస్త జారి ఆగింది. అంటే బిగువు సరిపోయింది. ఆ రోజంతా జోసీ దాని మీద గుర్రమెక్కినట్టు కుట్టింది.

ఐదున్నరకి కూత కూసింది. డింప్నా బట్టల తానుల వెనక నక్కింది. అందరూ వెళ్లిపోయారు. కింద బార్నీ స్విచ్చి దించాడు.

చీకటి... మామూలు చీకటి కాదు. కిటికీల అవతల వాన మబ్బు, ఇవతల అరవై మెషీన్లు. వేడెక్కిన ఇనుము చల్లారుతూ అక్కడక్కడ చిటపటమంటోంది. డింప్నా జేబులో టార్చి ఉంది. వేస్తే వెలగలేదు. బ్యాటరీలు హ్యూగో రేడియోలోకి తీశాడని అప్పుడు గుర్తొచ్చింది. ఆ నిమిషంలో ఆమెకి దెయ్యం కన్నా మొగుడి మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఆరు గంటలు కొట్టారు చర్చిలో. ఆఖరి గంట మోత ఇంకా గాల్లో ఉండగానే...

టక్.

డింప్నా తానుల వెనక నుంచి తల బయటికి పెట్టింది.

టక్... టక్...

కాళ్లు మెట్లవైపు లాగాయి. రెండో మెకానిక్కు మీద ఆమెకి మొదటిసారి జాలి కలిగింది. కానీ మెట్లు దిగి పారిపోతే మళ్లీ కఫ్‌ల బల్లే. ఆమె కుర్చీ తర్వాత కుర్చీ తడుముకుంటూ మూల వైపే నడిచింది.

కిటికీ ముందు ఒక ఆకారం. తల వంచుకుని ఉంది. దాని చేతుల దగ్గర ఏదో తెల్లగా... కాస్త కాస్త ముందుకి కదులుతోంది. కాలరు.

డింప్నా కుర్చీ వీపు పట్టుకుని, మెల్లగా పిలిచింది.

"క్యాసీ... నువ్వే అయితే దయచేసి ఆపు. రేపు నాకు పరీక్ష."

చప్పుడు ఆగిపోయింది. ఆకారం మెల్లగా తలెత్తింది.

"డింప్నా? గట్టిగా మాట్లాడకే. బార్నీకి వినబడుతుంది."

జపమాల లెటీ గొంతు అది.

డింప్నా దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడింది. నవ్వాలో, తిట్టాలో తెలియక కాసేపు రెండూ కలిపి చేసింది. తర్వాత అడిగింది.

"దీపమన్నా లేకుండా ఎలా కుడుతున్నావక్కా?"

"దీపం ఉన్నా నాకు అంతేనే," అంది లెటీ.

అప్పుడుగానీ డింప్నాకి అర్థం కాలేదు. నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

లెటీ కళ్లకి పొరలు కమ్మి ఏడాది దాటింది. ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కంటికి కిటికీ మాత్రం కిటికీలా కనబడుతుంది. పింఛను రావాలంటే ఇంకా రెండేళ్లు. కన్ను సంగతి తెలిస్తే రెండు రోజులు కూడా ఉంచరు. పగలు వేళ్ల అంచనాతోనే కుట్టుకొస్తుంది. ఎక్కడన్నా కుట్టు పక్కకి పోయిందని బొటనవేలికి తెలిస్తే, ఆ కాలరు మెల్లగా ఒళ్లో దాచేస్తుంది. కూత కూశాక వెనక మెట్ల మీద కోట్ల గదిలో దాక్కుని, అందరూ పోయాక వచ్చి, విప్పి మళ్లీ కుడుతుంది. కింద వెనక తలుపు లోపల్నుంచి తోస్తే తెరుచుకుంటుంది, బయటికి వెళ్లగానే దానంతటదే మూసుకుని గడియ పడిపోతుంది, ఇక బయట నుంచి రాదు. ఇంటికి పట్టుకెళ్లి కుడదామంటే, గేటు దగ్గర సంచీలు వెతుకుతారు.

"మరి నీ మెషీను మీద కుట్టుకోవచ్చుగా, ఇదెందుకు?"

"నా మెషీను పాడైపోదూ," అంది లెటీ, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "మరలు వదులు చేస్తే మళ్లీ బిగించడం నాకు రాదు. ఇదైతే ఎలాగూ దెయ్యం ఖాతాలో పోతుంది. పైగా చీకటి పడితే ఈ మూలకి ఎవరూ రారు."

తన ఉద్యోగం ఊడగొట్టబోయిన దెయ్యం ముందు కూచుని డింప్నాకి కోపం రాలేదు. ఏడుపొచ్చింది. చీకటి కదా, కనబడదులే అని కాస్త ఏడ్చింది. లెటీకి వినబడింది, తడుముకుంటూ ఆమె భుజం తట్టింది.

ఆ రాత్రికి ఇంకా ఏడు కాలర్లు మిగిలాయి. తొందరగా తేల్చేద్దామని డింప్నా చక్రం మీద చెయ్యి వేసింది. తిరగలేదు. లోపల ముడి పడి బిగుసుకుంది. వచ్చిన తొందరలో, ఇరవై ఏళ్లు చూసి నేర్చుకున్నదంతా గంగలో కలిపి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని గట్టిగా గుంజింది.

లోపల ఏదో కటుక్కుమంది.

చక్రం తేలిగ్గా తిరిగింది. మరీ తేలిగ్గా. సూది దిగుతోంది, లేస్తోంది, దారం మాత్రం అందుకోవడం లేదు. హుక్కు పక్కకి జరిగిపోయింది. సూది వెనక ఉన్న చిన్న పల్లంలోకి హుక్కు మొన సరిగ్గా వచ్చి దారాన్ని పట్టాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కుట్టు పడదు. అది సరిచెయ్యాలంటే వెలుతురు కావాలి, భూతద్దం కావాలి, డింప్నా చేతిలో అయితే రెండు గంటలు కూడా కావాలి.

"నా వల్లే," అంది లెటీ.

"కాదక్కా. గుంజింది నేను."

చేసేదేమీ లేదు. పొద్దున్న ఏడింటికి బార్నీ తలుపు తీస్తాడు. ఎనిమిదింటికి స్ప్రౌల్ వస్తాడు. మధ్యలో ఉన్న గంటలోనే హుక్కు సరిచెయ్యాలి, ఏడు కాలర్లూ కుట్టాలి. రెండూ అవవని డింప్నాకి తెలుసు. అయినా కాలర్లు ఆ మెషీను సొరుగులోనే పెట్టేసి, లెటీ చెయ్యి పట్టుకుని వెనక మెట్లు దింపింది. తలుపు వెనక దడాలున పడింది. డింప్నా లాగి చూసింది. రాలేదు. వానలో ఇద్దరూ చెరో వీధికి పోయారు.

ఆ రాత్రి డింప్నా కంటిమీదికి కునుకు రాలేదు. ఏది ముందు చెయ్యాలి... హుక్కా, కాలర్లా? హుక్కు తన బతుకు. కాలర్లు లెటీ బతుకు. తెల్లవారుజామున, కాలర్లే ముందు అని నిర్ణయించుకుంది. కఫ్‌ల బల్ల తనకి అలవాటే. లెటీకి ఇంకో బల్ల లేదు.

ఏడింటికి బార్నీ తాళం తీస్తుంటే ఆమె అతని వీపు వెనకే ఉంది. మెయిన్ స్విచ్చి తాళం కూడా ఆమె కళ్లముందే తీసి, స్విచ్చి ఎత్తాడు. రాత్రి పైన ఏమన్నా వినబడిందా అని అడిగితే, తను ఇంటికి పోయాక ఎవరేం కుట్టుకున్నా తనకి అనవసరమన్నాడు.

డింప్నా పరుగున పైకెళ్లి సొరుగు లాగింది.

ఏడు కాలర్లూ కుట్టేసి ఉన్నాయి. అంచులు కత్తిరించి, తిరగేసి, వరసగా పేర్చి.

ఆమె వాటినే చూస్తూ నిలబడింది. తర్వాత మెషీనుని వెనక్కి వాల్చి, దీపం దగ్గరికి లాగి, చక్రం మెల్లగా తిప్పింది. సూది దిగింది. కాస్త లేచింది. హుక్కు మొన వచ్చి, సూది పల్లంలోకి ఒదిగింది. ఎక్కడ రావాలో అక్కడే... కాగితం దూరేంత సందు కూడా తేడా లేకుండా. పాదం బిగించి ఉంది. దారం బిగువు సరిగ్గా ఉంది. రేకు కింద ఒక్క నూలుపోగు లేదు. హుక్కు మీద తాజాగా ఒక్క నూనె చుక్క.

డింప్నాకి ముట్టుకోవడానికి మిగిలిందేమీ లేదు. కాలర్లు మాత్రం పట్టుకెళ్లి, ఎవరూ రాకముందే లెటీ సొరుగులో పెట్టింది.

ఎనిమిదింటికి స్ప్రౌల్ వచ్చి నిలబడ్డాడు. జోసీ బిళ్లలు సర్దుకుని, పెడలు తొక్కింది. మెషీను గుక్క తిప్పుకోకుండా కుట్టింది. పది కాలర్లు, ఇరవై, ముప్ఫై. స్ప్రౌల్ ఒకటి తీసి, తిప్పి, లాగి చూశాడు.

"ఇంత బాగా సెట్ చేసిన హుక్కు నేను ఈ ఫ్యాక్టరీలో చూడలేదు," అన్నాడు. "పని నీదే, మిసెస్ డీనీ."

అరవై మంది ఆడవాళ్లు బల్లల మీద కత్తెరలతో మోత మోగించారు. డింప్నా నవ్వింది. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, లోపలికి దిగలేదు.

పదింటికి టీ వేళ. లెటీ సోడా రొట్టె ముక్క చేత్తో పట్టుకుని తడుముకుంటూ వచ్చి, డింప్నా పక్కన కూచుంది.

"ఎలా తీర్చుకోనే నీ రుణం," అంది గొంతు తగ్గించి. "గంటలో అన్నీ కుట్టేసి, మెషీను కూడా..."

"నేను కుట్టలేదక్కా. నువ్వే ఎలాగో వచ్చావనుకున్నాను."

"నేనా? తలుపు పడిపోయాక ఎలా వస్తాను?"

 డింప్నా లేచి, లెటీ సొరుగులోంచి ఒక కాలరు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. లెటీ దాన్ని కళ్ల దగ్గరికి తీసుకెళ్లలేదు. బొటనవేలు అంచు వెంబడే మెల్లగా నడిచింది. కాలరు కొన దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్లి, మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది.

"ఇక్కడ కొనలో... అడ్డంగా ఒక్క కుట్టు ఉంది. తెలుస్తోందా?"

డింప్నా చూసింది. ఉంది. అందుకే ఆ కొన అంత వాడిగా వచ్చింది.

"నువ్వు వెయ్యవా అలా?"

"వెయ్యలేను. నాకు ఎన్నిసార్లు చూపించినా పట్టుబడలేదు. అది వేసే మనిషిని నేను ఒక్కతెనే చూశాను." లెటీ కాలరు మడిచి ఒళ్లో పెట్టుకుంది. "ఇదే మూలలో నాకు పని నేర్పిన మనిషి."

డింప్నా కప్పు కింద పెట్టింది. 

"అక్కా, ఆ మెషీను సెట్ చేసింది నేను కాదు. స్ప్రౌల్ గారికి చెప్పేయనా?"

"ఈ కాలర్లు కుట్టింది నేనూ కాదు. కూలి చీటీ మీద నా పేరే ఉంది," అంది లెటీ. "నోరు మూసుకుని టీ తాగు."

ఇద్దరూ తాగారు. టీ వేళ కాబట్టి మోటార్లన్నీ ఆపేసి ఉన్నాయి, జోసీ కుర్చీ ఖాళీగా ఉంది. వాళ్లిద్దరూ మాత్రం, అందులో క్యాసీ కూచుని ఉంటుందేమోనని, ఆ మూల వైపు తల తిప్పలేదు.